ఊరి పేరే వేడినీళ్లు!

మెక్సికో అనగానే మనకు కాన్‌కూన్ బీచ్‌లు, మాయా పిరమిడ్లు గుర్తొస్తాయి. వాటికి దూరంగా, దేశం నడిమధ్యన ఉన్న ఓ పాత ఊరు వేడినీళ్లనే పేరుగా పెట్టుకుంది. అక్కడికి వెళ్తే స్నానఘట్టాలే కాదు... నవ్వే పుర్రెలు, విప్లవం నడిచిన నాటకశాల, రెండు శతాబ్దాల జాతర కూడా చూడొచ్చు. వాటితో పాటు, భూమి అడుగున నీళ్లు తగ్గిపోతే ఓ ఊరికి ఏమవుతుందో కూడా కళ్లారా చూడొచ్చు.

స్పానిష్‌లో 'ఆగ్వా' అంటే నీళ్లు. 'కలియెంతె' అంటే వేడి. రెండూ కలిస్తే అగ్వాస్కలియెంతెస్. ఊరి పేరూ అదే, ఆ ఊరు రాజధానిగా ఉన్న చిన్న రాష్ట్రం పేరూ అదే. అక్కడివాళ్లని మీదే ఊరని అడిగితే 'మేం ఇద్రోకాలిదోలం' అంటారు. అంటే, వేడినీళ్లవాళ్లమని! ఊళ్లో నీళ్లే ఇంటిపేరైన జనం అన్నమాట.

మెక్సికో సిటీకి వాయవ్యంగా దాదాపు 500 కిలోమీటర్ల దూరంలో, సముద్రమట్టానికి సుమారు 1,880 మీటర్ల ఎత్తులో ఉంటుందీ ఊరు. ఎత్తయిన పీఠభూమి కాబట్టి ఎండాకాలంలోనూ సాయంత్రాలు హాయిగా ఉంటాయి. అలాగని పచ్చని కొండప్రాంతం అనుకోకండి. ఏడాదికి పడే వాన మన అనంతపురంలో పడేదానికి కాస్త అటూ ఇటూగా ఉంటుంది. నాగజెముళ్లు, తుమ్మల్లాంటి ముళ్లచెట్లు, ఎర్రని దుమ్ము. అంత పొడి నేలలోంచి వేడివేడి నీళ్లు ఉబికాయంటే ఆ రోజుల్లో దారిన పోయేవాళ్లకి అది వరమే కదా!

వెండి బండ్ల మజిలీ

ఊరు పుట్టిందే ఆ దారిన పోయేవాళ్ల కోసం. 1546లో దీనికి ఉత్తరాన ఉన్న సకతెకాస్ కొండల్లో స్పెయిన్‌వాళ్లకి వెండి దొరికింది. గనుల్లోంచి తీసిన వెండిని బండ్లమీద, కంచరగాడిదల మీద మెక్సికో సిటీకి చేర్చాలి. మధ్యలో ఉన్నది చిచిమెకాలనే తెగల నేల. తమ గడ్డమీదికి చొరబడిన పరాయివాళ్లతో వాళ్లు దశాబ్దాలపాటు పోరాడారు. బండ్లకి కాపలా కావాలి, మనుషులకీ పశువులకీ మజిలీ కావాలి, తాగడానికి నీళ్లు కావాలి. ఈ మూడూ కుదిరే చోట ఊరు కట్టమని స్పెయిన్ రాజు రెండో ఫిలిప్ పేరిట అనుమతి వచ్చింది. అలా 1575 అక్టోబరు 22న ఈ ఊరు పుట్టింది.

అప్పట్లో పెట్టిన పూర్తిపేరు చాలా పెద్దది. మన భాషలో చెప్పాలంటే 'వేడినీళ్ల దగ్గరి స్వర్గారోహణ మాత పట్నం'. జనం నోట్లో చివరికి వేడినీళ్లు మాత్రమే మిగిలాయి. ఆ వెండి దారిని 2010లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. దానిమీదున్న చోట్లలో ఈ ఊరి పాత పేట కూడా ఒకటి.

పాత పేట చూడాలంటే నడకే మేలు. మధ్యలో పెద్ద చౌక్, దానిలో ఎత్తయిన రాతి స్తంభం, ఓ పక్కన కెథెడ్రల్, ఇంకో పక్కన ముదురు ఎర్ర రాతితో కట్టిన రాష్ట్ర ప్రభుత్వ భవనం. ఒకప్పుడు ఓ పెద్ద జమీందారు కుటుంబానికి చెందిన ఇల్లది. లోపలికి అడుగుపెడితే నాలుగువైపులా రెండంతస్తుల తోరణాలే. గోడలనిండా పెద్దపెద్ద కుడ్యచిత్రాలు. దియెగో రివేరా దగ్గర పనిచేసిన చిలీ చిత్రకారుడు ఓస్వాల్దో బార్రా కన్నింగ్‌హామ్ వేసినవి. జాతర, గనులు, ద్రాక్షతోటలు, రైలు కార్మికులు... ఈ ఊరి కథంతా ఆ గోడలమీదే ఉంది. ముందు ఇది చూసి ఊళ్లోకి వెళ్తే మిగతావన్నీ తేలిగ్గా అర్థమవుతాయి.

పై స్నానాలు, కింది స్నానాలు

ఇక అసలు సంగతి, నీళ్లు. ఊరికి తూర్పున ఓహోకలియెంతె అనే ఊట ఉండేది. ఆ మాటకి 'వేడి కన్ను' అని అర్థం. ఊటని వాళ్లు నీటికన్ను అంటారు మరి! ఆ ఊట దగ్గర 1831లో కట్టిన స్నానశాల ఇప్పటికీ నడుస్తోంది. అప్పట్లో వీటిని పై స్నానాలనేవారు. ఊరికి దగ్గరగా, పల్లంలో ఉన్నవి కింది స్నానాలు. వాటినే ఇప్పుడు లాస్ ఆర్కితోస్ అంటున్నారు, 'చిన్న తోరణాలు' అని.

స్నానశాలకి వెళ్లాలంటే డబ్బులుండాలి. లేనివాళ్ల సంగతేంటి? వాళ్లకి కాలువ ఉండేది. ఊట నుంచి ఊరివైపు పారే వేడినీటి కాలువ పొడవునా ఆడా మగా పిల్లాజెల్లా అందరూ స్నానాలు చేసేవాళ్లు, బట్టలు ఉతుక్కునేవాళ్లు. 19వ శతాబ్దం చివర్లో రైలెక్కి వచ్చిన అమెరికన్ యాత్రికులు ఆ దృశ్యం చూసి నోళ్లు వెళ్లబెట్టారు. అప్పుడు తీసిన ఫొటోలు ఇప్పటికీ ఉన్నాయి. ఊరివాళ్లకి మాత్రం అందులో వింతేమీ లేదు. ఇంటిముందు వేడినీళ్లు పారుతుంటే చన్నీళ్లు పోసుకునేదెవరు?

ఇప్పుడు ఓహోకలియెంతెకి వెళ్తే పెద్దగేటు, పాతకాలపు వరండాలు, ఈతకొలనులు కనిపిస్తాయి. కుటుంబాలకి విడిగా గదులూ ఉంటాయి. గంటకింతని కట్టి తలుపేసుకుంటే లోపల తొట్టెనిండా వెచ్చని నీళ్లు. ఒళ్లునొప్పులు పోతాయని వయసుమళ్లినవాళ్లు వారంవారం వచ్చే అలవాటు ఇక్కడుంది. లాస్ ఆర్కితోస్‌లో మాత్రం స్నానాలు లేవు. పాడుబడిపోయిన ఆ కట్టడాన్ని 1990లో చారిత్రక స్మారకంగా ప్రకటించి, బాగుచేసి, సాంస్కృతిక కేంద్రంగా మార్చారు. పాత తొట్లు, నీటి తూములు అలాగే ఉంచారు. పక్కగదుల్లో పిల్లలు సంగీతం, నాట్యం నేర్చుకుంటుంటారు.

ఒక్క సంగతి మాత్రం గుర్తుపెట్టుకోండి. ఒకప్పుడు తనంతట తానే ఉబికిన నీళ్లు ఇప్పుడు బోరు వేసి తోడితే తప్ప పైకి రావడం లేదు. ఆ కథ కాసేపాగి చెప్పుకుందాం.

ముద్దుతో వచ్చిన రాష్ట్రం

అగ్వాస్కలియెంతెస్ రాష్ట్ర చిహ్నాన్ని గమనించి చూస్తే ఓ మూల పెదవులూ, తెగిన గొలుసూ కనిపిస్తాయి. ప్రభుత్వ ముద్రమీద పెదవులేంటని అనుమానం వస్తుంది కదా. ఒకప్పుడు ఈ ప్రాంతం సకతెకాస్ రాష్ట్రంలో భాగం. మా పన్నులన్నీ వాళ్లు తింటున్నారు, మా రాష్ట్రం మాకు కావాలని ఇక్కడివాళ్ల గోల. 1835లో సకతెకాస్ తిరుగుబాటుని అణచడానికి వచ్చిన జనరల్ సాంతా అన్నా ఈ ఊళ్లో ఆగాడు. ఓ పెద్దింటి ఇల్లాలు, దోన్యా మరియా లూయిసా వీయా, ఆయనకి విందు ఇచ్చింది. విడిపోవడానికి ఒప్పుకుంటే ఏమిస్తావని జనరల్ అడిగాడట. ఓ ముద్దు ఇచ్చి మాట తీసుకుందట ఆవిడ! భర్త కూడా అక్కడే ఉన్నాడంటారు.

చరిత్రకారులు దీన్ని కథగానే చూస్తారు. తనకి ఎదురుతిరిగిన సకతెకాస్‌ని రెండు ముక్కలు చెయ్యడం సాంతా అన్నాకి రాజకీయంగా లాభమే. ముద్దు లేకపోయినా ఆ పని చేసుండేవాడేమో. అయినా ఊరికి ఆ కథంటేనే ఇష్టం. ప్రత్యేక రాష్ట్రాల ఉద్యమాలు చూసినవాళ్లం కాబట్టి, అంత సులువుగా రాష్ట్రం వచ్చిందంటే మనకి నవ్వూ, కాస్త అసూయా రెండూ కలుగుతాయి.

పిస్తోళ్లు లేచిన నాటకశాల

కెథెడ్రల్ పక్కనే మొరెలోస్ నాటకశాల ఉంది. 1885లో కట్టారు. మెక్సికో చరిత్ర పుస్తకాల్లో ఈ ఊరి పేరు ఉండటానికి కారణం ఇదే. 1914 నాటికి మూడు దశాబ్దాలు ఏలిన పోర్ఫిరియో దియాస్ పారిపోయాడు, తర్వాత గద్దె లాక్కున్న ఉయెర్తా కూడా పోయాడు. గెలిచిన విప్లవకారుల్లో మాత్రం ఒకరంటే ఒకరికి పడదు. ఉత్తరాన పాంచో వీయా, దక్షిణాన ఎమిలియానో సపాతా, మధ్యలో కర్రాన్సా. అందరికీ మధ్యలో ఉండే ఊళ్లో కూర్చుని తేల్చుకుందామని 1914 అక్టోబరు 10న ఇక్కడ సమావేశమయ్యారు.

ప్రతినిధులు జాతీయజెండా మీద సంతకాలు పెట్టి మాట తప్పమని ఒట్టేశారు. పాంచో వీయా స్వయంగా వచ్చి కన్నీళ్లు పెట్టుకున్నాడు. సపాతా రాలేదుగానీ మనుషుల్ని పంపాడు. వాళ్లలో ఒకడైన సోతో ఇ గామా వేదికమీద ఆ జెండానే చేత్తో పట్టుకుని, ఇది పెద్దోళ్ల జెండా, దీనిమీద సంతకం చెయ్యనని ప్రసంగించేసరికి సభలో పిస్తోళ్లు బయటికొచ్చాయి. కాల్పులు జరగలేదు, అదృష్టం. చివరికి యులాలియో గుతియెర్రెస్‌ని తాత్కాలిక అధ్యక్షుడిగా ఎన్నుకున్నారు. కర్రాన్సా ఒప్పుకోలేదు. కొద్దివారాల్లోనే మళ్లీ యుద్ధం. ఇప్పుడా హాల్లో నాటకాలూ కచేరీలూ జరుగుతుంటాయి.

పుర్రెలు నవ్వే ఊరు

పూలటోపీ పెట్టుకుని పళ్లికిలించే అస్థిపంజరం బొమ్మని మీరు ఎక్కడో ఒకచోట చూసేవుంటారు. టీషర్టుల మీద, సినిమాల్లో, మెక్సికన్ రెస్టారెంట్ల గోడలమీద... దాన్ని కత్రీనా అంటారు. దాని సృష్టికర్త హోసె గ్వాదలూపె పొసాదా పుట్టింది ఈ ఊళ్లోనే, 1852లో, సాన్ మార్కోస్ పేటలో. కుర్రాడిగా ఉన్నప్పుడే ఇక్కడ ఓ పత్రికకి రాజకీయ వ్యంగ్యచిత్రాలు చెక్కాడు. తర్వాత లియోన్‌కి, అక్కణ్నుంచి 1888లో మెక్సికో సిటీకి వెళ్లిపోయాడు. హత్యలు, భూకంపాలు, నాయకుల వేషాలు... వీధుల్లో అమ్మే చౌక కాగితాల కోసం వేలకొద్దీ బొమ్మలు చెక్కాడు.

ఆ పూలటోపీ బొమ్మకి ఆయన పెట్టిన పేరు వేరు. శనగలమ్ముకునే స్థాయి నుంచి వచ్చి, తమ మూలాలు మరిచి, యూరప్ దొరసానుల్లా పోజులు కొట్టేవాళ్లని వెక్కిరించే పేరది. టోపీ ఎంత గొప్పదైనా లోపలున్నది అందరికీ ఒకే పుర్రె అని ఆయన చెప్పదలిచింది. 1913లో పొసాదా పేదరికంలోనే పోయాడు. ఎముకలు కూడా చివరికి ఊరుమ్మడి గుంతలో కలిసిపోయాయి. 1947లో దియెగో రివేరా తన పెద్ద కుడ్యచిత్రం మధ్యలో ఆ పుర్రెకి ఒళ్లంతా గౌనుతొడిగి, పక్కనే పొసాదాని నిలబెట్టాకే ప్రపంచమంతా ఆయన్ని చూసింది.

పొసాదా మ్యూజియం ఎన్సీనో గుడికి ఆనుకునే ఉంటుంది. గుళ్లో నల్లని క్రీస్తు విగ్రహం ఉంది. దాని చెయ్యి కొద్దికొద్దిగా పెరుగుతోందనీ, అది పూర్తిగా పెరిగిన రోజు ప్రళయమనీ ఓ నమ్మకం. మన యాగంటి బసవన్న గుర్తొచ్చాడా? అచ్చం అలాంటిదే. అక్టోబరు ఆఖరి నుంచి నవంబరు 2 దాకా, మెక్సికోవాళ్లు పెద్దల్ని తలుచుకునే రోజుల్లో, ఇక్కడ పుర్రెల పండుగ జరుగుతుంది. వీధులనిండా పుర్రె ముఖాలు, బంతిపూలు, ఊరేగింపులు. ఊరికి పడమట ఉన్న కొండ కూడా వెల్లకిలా పడుకున్న శవంలా ఉంటుంది. దానిపేరే 'చచ్చినోడి కొండ'!

ఏప్రిల్ వస్తే జాతరే

1828లో చిన్న సంతలా మొదలైన సాన్ మార్కోస్ జాతర ఇప్పుడు మెక్సికోలోనే పేరుమోసిన ఉత్సవం. ఏప్రిల్ మధ్యలో మొదలై మే తొలివారం దాకా సాగుతుంది. అసలు పండుగ ఏప్రిల్ 25న. కచేరీలు, పశువుల ప్రదర్శనలు, పేకాట, ఎద్దుల పోటీలు, కోడిపందేలు. గోదావరి జిల్లాలవాళ్లకి ఈ చివరిది కొత్తగా చెప్పక్కర్లేదు. లక్షల్లో జనం వస్తారు. ఆ రోజుల్లో హోటల్ గది దొరకడం కష్టం. దొరికినా ధర మామూలుగా ఉండదు.

జాతర లేనప్పుడు ఆ పేరుతో ఉన్న తోట ప్రశాంతంగా ఉంటుంది. చుట్టూ రాతి పిట్టగోడ, లోపల పెద్దపెద్ద చెట్లు, బెంచీలమీద కబుర్లు చెప్పుకునే ముసలాళ్లు. అక్కడే బండిమీద 'చాస్కా' తినండి. ఉడికించిన మొక్కజొన్న గింజలు, నిమ్మరసం, కారం, చీజ్, క్రీమ్ కలిపి కప్పులో ఇస్తారు. దేశంలో మిగతాచోట్ల దీనికి వేరే పేరు, చాస్కా అంటే ఈ ఊరే. శాకాహారులకి ఇదో పెద్ద ఊరట. పక్కనే ఉన్న కల్వీయో జామకాయలకి పేరుపొందింది. అక్కడి జామ మిఠాయిలు ఊరంతా దొరుకుతాయి. బట్టలోంచి దారాలు లాగి, మిగిలిన దారాలతో జాలీలా అల్లే దెశిలాదో పని కూడా ఇక్కడి ప్రత్యేకం. టేబుల్‌క్లాతులు, రవికల్లాంటివి కొనుక్కోవచ్చు.

నేల ఎందుకు చీలుతోంది?

ఇప్పుడా నీళ్ల కథకొద్దాం. ఈ ఊరున్న లోయ రెండువైపులా భూమి విరిగి, మధ్యభాగం కుంగడం వల్ల ఏర్పడింది. చుట్టుపక్కల పడ్డ వాననీరు చాలా లోతుకు ఇంకి, అక్కడి వేడికి కాగి, ఆ విరుగుళ్ల సందుల్లోంచి పైకి వచ్చేది. అదే వేడినీటి ఊట. అలా ఇంకి, కాగి, పైకి రావడానికి చాలా కాలం పడుతుంది. తోడెయ్యడానికి మాత్రం మోటారు మీట నొక్కితే చాలు.

1884లో రైలొచ్చింది. తర్వాత దేశంలోనే పెద్ద రైల్వే వర్క్‌షాపులు ఇక్కడ వెలిశాయి. వందేళ్లపాటు ఊరికి అన్నంపెట్టింది అవే. వాటి కూత ఆగిపోయేలోపే నిస్సాన్ కార్ల కంపెనీ వచ్చింది. 1985 భూకంపం తర్వాత దేశ గణాంకాల సంస్థని మెక్సికో సిటీ నుంచి ఇక్కడికి తరలించారు. 2013లో నిస్సాన్ రెండో ఫ్యాక్టరీ కూడా తెరిచింది. 2020 జనగణన నాటికి రాష్ట్ర జనాభా 14 లక్షలు దాటింది. ఇంతమందికీ, ఫ్యాక్టరీలకీ, అన్నిటికన్నా ఎక్కువగా పొలాలకీ, పాడిపశువుల మేతకీ ప్రధాన ఆధారం భూగర్భజలమే. 1960ల్లోనే కొత్త బోర్లమీద ఆంక్షలు పెట్టారు. అయినా ఇంకేదానికన్నా తోడేదే ఎక్కువ. నీటిమట్టం దిగిపోయింది, ఊటలు ఎండిపోయాయి.

అంతటితో ఆగలేదు. నీళ్లు పోయాక అడుగున ఉన్న మట్టి పొరలు అణిగిపోతాయి. అడుగున రాయి ఎత్తుపల్లాలుగా ఉంటే నేల ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ కుంగుతుంది. ఆ తేడా ఉన్నచోట భూమి చీలుతుంది. 1980ల నుంచి ఊళ్లో ఇదే జరుగుతోంది. రోడ్డు అడ్డంగా పగులుతుంది, అదే వరసలో ఉన్న ఇళ్ల గోడలూ పగులుతాయి. కాంక్రీటు పోసి పూడిస్తే కొన్నాళ్లకి పక్కనే మళ్లీ నోరు తెరుస్తుంది. జీవితమంతా కూడబెట్టి కట్టుకున్న ఇల్లు చీలిక మీద ఉందని తెలిస్తే దాన్ని కొనేవాళ్లుండరు, అందులో ఉండటానికి ధైర్యమూ చాలదు. చీలికలు ఎక్కడెక్కడ ఉన్నాయో పటాలు తయారుచేసి ప్రభుత్వం జనానికి అందుబాటులో ఉంచింది. ఇక్కడ స్థలం కొనేముందు ఆ పటం చూసుకోవడం తెలివైనవాళ్లు చేసే పని.

ఇంకో చిక్కు ఫ్లోరైడ్. లోతునుంచి వచ్చే వేడినీళ్లు రాళ్లలోని ఫ్లోరైడ్‌ని కరిగించుకుని వస్తాయి. ఇక్కడి కొన్ని బోర్లలో అది ఎక్కువే. పిల్లల పళ్లమీద గోధుమరంగు మచ్చలు కనిపిస్తాయి. నల్గొండ జిల్లా కష్టం తెలిసిన మనకి వివరించి చెప్పక్కర్లేదు.

నీళ్లకోసం ఊళ్లు పెట్టిన ఖర్చు మరోరకంగా చూడాలంటే సాన్ హోసె దె గ్రాసియాకి వెళ్లండి. 1920ల్లో అక్కడ పెద్ద డ్యామ్ కట్టినప్పుడు పాత ఊరు మునిగిపోయింది. శ్రీశైలం ముంపు ఊళ్లలాగే. ఇప్పుడా జలాశయం మధ్య దీవిలో పడవెక్కి వెళ్లి చూసే భారీ క్రీస్తు విగ్రహం ఉంది. 2006లో పెట్టారు. ఒక చెయ్యి, ఒక కాలు ఉండవు. విరిగినవాడిగానే కొలుస్తారు.

రాష్ట్ర నినాదంలో నాలుగు మాటలున్నాయి. మంచి నేల, మంచి జనం, తేట నీరు, నిర్మలమైన ఆకాశం. జనానికీ ఆకాశానికీ ఇప్పటికీ వంక పెట్టలేం. నీళ్లు ఉంటేనే నేల నిలబడుతుందని మాత్రం ఆ ఊరు తన ఒంటిమీద పగుళ్లతో నేర్చుకుంటోంది. బోరు ఎండితే ఇంకో వంద అడుగులు దించడమే పరిష్కారం అనుకునే మనం కూడా చూడాల్సిన పాఠమిది.

వెళ్లాలంటే...

హైదరాబాద్ నుంచి యూరప్ మీదుగానో అమెరికా మీదుగానో మెక్సికో సిటీ చేరాలి. అక్కణ్నుంచి విమానంలో అయితే గంటకు పైచిలుకు, బస్సులో ఆరేడు గంటలు. దూరప్రయాణం బస్సులు సౌకర్యంగా ఉంటాయి. అమెరికాలో ఉన్న మనవాళ్లకి టెక్సస్ నుంచి దగ్గరే. చెల్లుబాటయ్యే అమెరికా వీసా ఉన్న భారతీయులకి పర్యాటకానికి మెక్సికో వీసా విడిగా అక్కర్లేదు. అయినా బయల్దేరేముందు నిబంధనలు ఓసారి సరిచూసుకోండి.

పాత పేటకి ఒకరోజు, స్నానాలకీ మ్యూజియాలకీ ఇంకోరోజు, జలాశయానికి మూడోరోజు పెట్టుకుంటే సరిపోతుంది. జాతర హడావుడి కావాలంటే ఏప్రిల్, పుర్రెలు చూడాలంటే నవంబరు మొదటిరోజులు మేలు. శీతాకాలంలో రాత్రిళ్లు చలి గట్టిగానే ఉంటుంది, స్వెటర్ పెట్టుకోండి. ఓహోకలియెంతెకి పొద్దున్నే వెళ్తే రద్దీ తక్కువ. ఈతదుస్తులు, తువ్వాలు వెంట ఉండాలి. తొట్టె నిండాక పంపు కట్టెయ్యడం మాత్రం మరిచిపోకండి. ఆ నీళ్లు పైకి రావడానికి ఎంత కాలం పట్టిందో ఇప్పుడు మీకు తెలుసు.